చీతా ముల్కీయా? గైర్ ముల్కీయా?

హైదరాబాద్ పాతబస్తీలో బాసీ ఈద్ నాడు, అంటే పండుగ మర్నాడు, సగం జనం ఒకే దిక్కుకు బయల్దేరుతారు. బహదూర్‌పురా వైపు. అక్కడ మీర్ ఆలం చెరువు ఒడ్డున 380 ఎకరాల్లో నెహ్రూ జూపార్కు ఉంది. ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ దాన్ని చిడియాఘర్ అనే అంటారు. కొత్త బట్టల్లో పిల్లలు, బురఖాల్లో తల్లులు, చంటివాళ్ళను భుజాన వేసుకున్న తండ్రులు. షేర్ ఎక్కడ, జిరాఫీ ఎక్కడ అని ఒకటే హడావిడి. ఇంటికొచ్చాక 'జూపార్కుకు షికారుకెళ్ళాం' అని చెప్పుకుంటారు.

ఈ షికారు అనే మాట సంగతి చూడండి. ఫార్సీలో, ఉర్దూలో షికార్ అంటే వేట. షికారీ అంటే వేటగాడు. ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి ఈటె, తుపాకీ, రక్తం అన్నీ వదిలించుకుని సరదాగా తిరిగి రావడం అయిపోయింది. ఒకప్పుడు నవాబులు షికారుకు వెళ్ళి చంపిన జానవర్లను ఇప్పుడు మనం షికారుకు వెళ్ళి చూసొస్తున్నాం. ఈ రెండు షికార్ల నడుమ ఒక జంతువు మన నేల మీద లేకుండా పోయింది. పోయిందన్న సంగతి కూడా మనకు గుర్తు లేకుండా పోయింది. అదే చీతా.

జూలో ప్రతి ఎన్‌క్లోజర్ ముందూ ఒక బోర్డు ఉంటుంది. జంతువు పేరు, తినే తిండి, ఏ దేశానిది అన్న వివరం. పిల్లలు అడిగే మొదటి సవాల్ కూడా అదే. 'అబ్బా, యే కహాఁ కా హై?' జిరాఫీ ఆఫ్రికాది. జీబ్రా ఆఫ్రికాది. నీల్‌గాయ్ మనది. ఎలుగుబంటి మనది. ఇట్లా సగం మనవి, సగం పరాయివి అని లెక్క తేలిపోతుంది.

ఈ లెక్కకు హైదరాబాదీల దగ్గర సొంత మాటలున్నాయి. ముల్కీ, గైర్ ముల్కీ. ముల్క్ అంటే దేశం. ఈ గడ్డ మీదివాడు ముల్కీ, బయటివాడు గైర్ ముల్కీ. సర్కారీ నౌకరీలు ముల్కీలకే ఇవ్వాలని 1919లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా ఇచ్చాడు. బయటి నుంచి వచ్చినవాడు ముల్కీ అనిపించుకోవాలంటే 15 ఏళ్ళు ఇక్కడ ఉండాలి, ఇక్కడే ఉండిపోతానన్న నియ్యత్ కూడా ఉండాలి. సంస్థానం పోయాక కూడా ఆ తకరారు పోలేదు. 1952లో గైర్ ముల్కీలు వెళ్ళిపోవాలని విద్యార్థులు రోడ్డెక్కితే సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ 1952ను గుర్తుంచుకోండి. మళ్ళీ అక్కడికి రావాల్సి ఉంది.

మనుషులను విభజించిన ఈ కొలబద్దను జూలో జంతువుల ముందు పెట్టి చూస్తే మిగతావాటి దగ్గర పెద్ద చిక్కు రాదు. చీతా దగ్గరే వస్తుంది.

అబ్దుల్లా, హిబా

2012 అక్టోబరులో హైదరాబాద్‌లో జీవవైవిధ్యం మీద అంతర్జాతీయ సదస్సు జరిగింది. దానికి వచ్చిన సౌదీ రాజకుమారుడు బందర్ బిన్ సౌద్ బిన్ ముహమ్మద్ జూపార్కు చూశారు. చీతాలు, ఆఫ్రికా సింహాలు తోహ్ఫాగా పంపిస్తామని మాటిచ్చారు. మరుసటి ఏడాది అవి వచ్చాయి కూడా. వాటిలో ఒక చీతా పేరు అబ్దుల్లా, ఇంకోదాని పేరు హిబా.

హిబా అంటే కానుక. ముస్లిం కుటుంబాల్లో ఆస్తిని కానుకగా రాసిచ్చే దస్తావేజును హిబానామా అంటారు. కానుకగా వచ్చిన జంతువుకు కానుక అనే పేరు. హిబా 2020లో, 8 ఏళ్ళ వయసులో చనిపోయింది. అబ్దుల్లా 2023 మార్చిలో, 15 ఏళ్ళ వయసులో, గుండెపోటుతో పోయింది. దాంతో హైదరాబాద్ జూలో చీతా లేకుండా పోయింది.

నిజాం ఫర్మానా ప్రకారం అబ్దుల్లా ముల్కీ కాలేకపోయింది. బతికింది 15 ఏళ్ళే అయినా హైదరాబాద్‌లో ఉన్నది పదేళ్ళు. పత్రికల్లో ఖబర్ కూడా 'సౌదీ ఇచ్చిన చీతా మృతి' అనే వచ్చింది. అందులో తప్పేం లేదు. అది నిజంగా బయటి నుంచి వచ్చిందే. కానీ చీతా అనే జంతువే బయటిదన్నట్టు మనకు అనిపిస్తుందే, అక్కడే చరిత్ర తిరగబడింది.

ఏది అజూబా, ఏది కాదు

మన దేశంలో పరదేశీ జంతువుల గురించి శ్రద్ధగా రాసిపెట్టిన పాలకుడు జహాంగీర్. 1612లో ఆయన మనిషి ముఖర్రబ్ ఖాన్ గోవా వెళ్ళి అక్కడి ఫిరంగీల దగ్గర దొరికిన అరుదైన వస్తువులన్నీ కొనుక్కొచ్చాడు. వాటిలో ఒక వింత పక్షి ఉంది. కోపమొస్తే మెడ ఎర్రబడుతుంది, తల మీద తోలు వేలాడుతుంది. అదే మనం టర్కీ కోడి అనే సీమకోడి. అమెరికా ఖండంలో పుట్టిన పక్షి పోర్చుగీసు ఓడల్లో గోవాకు, అక్కడి నుంచి ఆగ్రాకు చేరింది. జహాంగీర్ దాన్ని వర్ణించి ఊరుకోలేదు. దాని తస్వీర్ గీయమని హుకుం ఇచ్చాడు. తన ముత్తాత బాబర్ జంతువుల గురించి రాశాడే గానీ బొమ్మలు గీయించలేదని, విన్నదానికంటే చూసింది గట్టిదని ఆయన ఆలోచన. బొమ్మ గీసినవాడు ఉస్తాద్ మన్సూర్. నాదిర్-ఉల్-అస్ర్, అంటే ఈ కాలానికే అరుదైనవాడు అని బిరుదు పొందిన ముసవ్విర్.

1621లో నౌరోజ్ సమయంలో జీబ్రా వచ్చింది. హబషీ దేశం నుంచి వచ్చిన జంతువు. ఒంటి మీద చారలు చూసి ఎవరో రంగు పూశారని దర్బారులో అనుమానం. బాగా పరీక్షించాక అది దేవుడు వేసిన రంగేనని తేలింది. మన్సూర్ దాని బొమ్మ కూడా గీశాడు. ఆ తర్వాత జహాంగీర్ ఆ జీబ్రాను ఇరాన్ షా అబ్బాస్‌కు తోహ్ఫాగా పంపాడు. మన్సూర్ గీశాడని చెప్పే ఇంకో బొమ్మ రష్యాలోని హెర్మిటాజ్ మ్యూజియంలో ఉంది. అది డోడో పక్షిది. మారిషస్ దీవిలో తప్ప ఎక్కడా లేని ఆ పక్షి ఆ శతాబ్దం దాటేసరికి ప్రపంచంలోనే లేకుండా పోయింది. బతికున్న డోడోను చూసి రంగుల్లో గీసిన బొమ్మల్లో ఇది చాలా విలువైనదని పండితులు అంటారు.

సీమకోడి, జీబ్రా, డోడో. ఇవి మొఘల్ దర్బారుకు అజూబాలు. చీతా అజూబా కాదు. అది కొలువులో ఉన్న నౌకరు.

కొలువులో చీతా

చీతా అన్న మాటే ఈ దేశానిది. సంస్కృతంలో చిత్ర అన్న మాట నుంచి వచ్చింది, మచ్చలున్నది అని అర్థం. ఇంగ్లీషువాళ్ళు మన దగ్గర నుంచే ఆ మాట తీసుకుపోయారు. ఫార్సీలో దాన్ని యూజ్ అంటారు. అరబ్బీలో ఫహద్. మన ఇళ్ళల్లో ఫహద్ అని పిల్లలకు పేరు పెట్టుకుంటాం గదా, అది ఈ జంతువు పేరే.

అక్బర్‌కు 12 ఏళ్ళప్పుడు, 1555లో, మొదటి చీతా దక్కింది. దాని పేరు ఫతేబాజ్. ఆ తర్వాత ఆయనకు ఈ షౌఖ్ పెరిగి పెద్దదైంది. ఒకేసారి వెయ్యి చీతాలు దర్బారు పోషణలో ఉండేవని అబుల్ ఫజల్ లెక్క. జీవితకాలంలో 9 వేలు సేకరించాడని కొడుకు జహాంగీర్ రాశాడు. ఆయిన్-ఎ-అక్బరీ చదివితే ఏ తరగతి చీతాకు రోజుకు ఎంత మాంసం, చూసుకునే మనుషులకు ఎంత తన్‌ఖా అన్నీ ఉంటాయి. సైన్యం పద్దు ఎట్లా రాశారో చీతాల పద్దూ అట్లాగే రాశారు.

వేట పద్ధతి ఇట్లా ఉండేది. చీతా కళ్ళకు గంతలు కట్టి ఎడ్లబండి మీద కూర్చోబెట్టేవాళ్ళు. కృష్ణజింకలకు రైతుల బండ్లు అలవాటే కాబట్టి బండి దగ్గరికొచ్చినా బెదరవు. తగినంత దగ్గరయ్యాక గంతలు తీసి వదిలేవాళ్ళు. కొన్ని వందల గజాల పరుగు. అందితే అందినట్టు, లేకపోతే చీతా ఆయాసంతో అక్కడే కూలబడుతుంది. జింక దొరికితే చీతాను సాకేవాడు పరిగెత్తుకెళ్ళి జింక గొంతు కోసి, కొయ్య గరిటెలో రక్తం పట్టి చీతాకు తాగించి, దాన్ని జింక నుంచి విడదీసేవాడు. శిక్షణ ఇచ్చిన జంతువు పట్టింది హలాలేనా, దానికి షరతులేమిటి అని మన ఫిఖ్ గ్రంథాల్లో వేట మీద ఏకంగా ఒక అధ్యాయమే ఉంటుంది. ఫహద్ ప్రస్తావన అందులో వస్తుంది.

ఈ పని చేసినవాళ్ళు నవాబులు కాదు, పేదవాళ్ళు. అడవిలో చీతాను పట్టడం, మచ్చిక చేయడం, రాత్రిళ్ళు పక్కన పడుకుని మనిషి గొంతుకు అలవాటు చేయడం తరతరాల హునర్. జైపూర్‌లో మొహల్లా చీతావాలాన్ అని ఇప్పటికీ ఉంది. చీతాలు లేవు, ఆ ఉస్తాదుల పని లేదు, మొహల్లా పేరు మాత్రం మిగిలింది.

తెలుగు నేల మీద

ఇదంతా ఢిల్లీ, ఆగ్రాల కథ అనుకోవద్దు. హైదరాబాద్ నవాబుల దగ్గరా షికారీ చీతాలుండేవి. విజయనగరం రాజుగారి దగ్గరా ఉండేవి. 1880లో విశాఖపట్నం జిల్లాలో గవర్నర్ ఏజెంటుగా ఉన్న ఇర్విన్ అనే దొర, విజయనగరం వారి చీతా మీద పడటంతో గాయపడి చనిపోయాడు. చీతా వల్ల మనిషి చనిపోయినట్టు రికార్డులకెక్కడం చాలా అరుదు. అట్లాంటి అరుదైన ఘటన మన కోస్తాలో జరిగింది.

నెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన టి.సి. జెర్డన్ అనే ఆయన 1867 నాటి తన జంతువుల పుస్తకంలో తెలుగువాళ్ళు దీన్ని చీతా పులి అంటారని నమోదు చేశాడు. కన్నడంలో దీనికి సివంగి అనే పేరుంది. తమిళంలో సివింగి. అక్కడ జిరాఫీని ఒట్టగ సివింగి అంటారు, ఒంటె లాంటి చీతా అని. మన తెలుగు సివంగి కూడా ఆ ఖాందాన్ మాటే. మరి ఇవాళ మనం సివంగి అంటే ఏమనుకుంటున్నాం? ఆడసింహం. సినిమాల్లో, హెడ్డింగుల్లో, ఉపన్యాసాల్లో అంతటా అదే అర్థం. జంతువు కళ్ళ ముందు లేకపోయేసరికి దాని పేరును ఇంకో జంతువుకు ఇచ్చేశాం.

చీతాను చూసి ఎవరు అబ్బురపడేవాళ్ళో తెలియాలంటే ఒక బొమ్మ చూడాలి. మద్రాసు గవర్నరుగా చేసి వెళ్ళిన జార్జ్ పిగట్ ఇంగ్లండ్ రాజు మూడో జార్జికి ఒక చీతాను నజరానా ఇచ్చాడు. 1764లో విండ్సర్ పార్కులో దాన్ని ఒక దుప్పి మీదికి వదిలారు. దుప్పి కొమ్ములతో విసిరికొడితే చీతా ఓడిపోయింది. స్టబ్స్ అనే చిత్రకారుడు గీసిన బొమ్మ ఇప్పుడు మాంచెస్టర్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. చీతా పక్కన తెల్లటి దుస్తుల్లో, తలపాగాలతో ఇద్దరు హిందుస్తానీలు నిలబడి ఉంటారు. లండన్ జనానికి ఆ చీతా పరదేశీ, ఆ ఇద్దరు మనుషులూ పరదేశీలే. మద్రాసు నుంచి వెళ్ళిన చీతా అక్కడ విదేశీ జంతువు. రెండున్నర శతాబ్దాల తర్వాత సౌదీ నుంచి వచ్చిన చీతా ఇక్కడ విదేశీ జంతువు.

ఎట్లా పోయింది

ఇందులో మన పెద్దల తప్పు కూడా ఉంది. దాచిపెట్టి లాభం లేదు. చీతా బోనులో సులువుగా పిల్లల్ని పెట్టదు. తండ్రి చీతాలను ఒక తోటలో విడిచిపెట్టినా జత కట్టలేదని జహాంగీర్ రాశాడు. తన కాలంలో ఒక చీతా పట్టా తెంచుకుని ఆడదాన్ని చేరితే మూడు పిల్లలు పుట్టాయని అబ్బురంగా చెప్పుకున్నాడు. ఆ తర్వాత మనుషుల దగ్గర చీతా ఈనినట్టు రికార్డు మళ్ళీ 1956లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా జూలో. అంటే దర్బారులో ఉన్న ప్రతి చీతా అడవి నుంచి పట్టి తెచ్చిందే. తల్లి దగ్గర వేట నేర్చిన చీతాయే పనికొస్తుంది కాబట్టి పిల్లల్ని కాదు, ఎదిగినవాటినే పట్టేవాళ్ళు. మూడు వందల ఏళ్ళు ఇట్లా తోడుకుంటూ పోతే ఏ అడవి తట్టుకుంటుంది?

ఆ తర్వాత అంగ్రేజ్ సర్కారు వచ్చింది. చీతాను పీడగా చూసి చంపినవాళ్ళకు ఇనాం ఇచ్చింది. గడ్డి మైదానాలను బంజరు అని రాసి సాగుకు ఇచ్చింది. చీతాకు దట్టమైన అడవి అక్కర్లేదు, పరిగెత్తడానికి బయలు కావాలి. ఆ బయలు పోయింది, జింకలూ తగ్గాయి. తుపాకీ అందరి చేతికీ వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి రాజులకు షికారుకు చీతాలు దొరకలేదు. 1918, 1945 మధ్య సంస్థానాల వాళ్ళు ఆఫ్రికా నుంచి కనీసం 200 చీతాలను తెప్పించుకున్నారని పరిశోధకుల అంచనా. అంటే ముల్కీ చీతా ఇంకా అక్కడక్కడా బతికుండగానే దాని కొలువులోకి గైర్ ముల్కీ వచ్చేసింది.

1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానం రాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ ఒకే రాత్రి మూడు మగ చీతాలను కాల్చి చంపాడు. ఈ దేశంలో చీతాను చంపినట్టు రుజువున్న చివరి ఘటన అదే. 1952లో చీతా అంతరించిందని సర్కారు ప్రకటించింది. అదే 1952లో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో కిర్క్‌పాట్రిక్ అనే ఆయన రాసిన చిన్న నోటు ఒకటి అచ్చయింది. మద్రాసు రాష్ట్రం చిత్తూరు జిల్లాలో చీతా కనిపించిందని. దేశంలో చీతా గురించి చివరి ఖబర్లలో ఒకటి మన చిత్తూరు నుంచి వెళ్ళిందన్నమాట. హైదరాబాద్ వీధుల్లో ముల్కీ ఎవరు, గైర్ ముల్కీ ఎవరు అని మనుషులు కొట్టుకుంటున్న ఏడాదే ఈ నేల మీది పాత ముల్కీ ఒకటి చప్పుడు లేకుండా రికార్డుల్లోంచి తొలగిపోయింది.

తిరిగి తేవడం

తెచ్చుకోవాలన్న ఆలోచన కొత్తది కాదు. 1970లలో ఇరాన్‌తో మాటలు నడిచాయి. ఆసియా చీతా అక్కడే మిగిలింది కాబట్టి. 1979లో అక్కడ ఇంకిలాబ్ రావడంతో ఆ సంగతి మూలపడింది. 2000 తర్వాత హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇరాన్ చీతా కణాలు ఇస్తే క్లోనింగ్ చేస్తామన్నారు. ఇరాన్ ఒప్పుకోలేదు. వాళ్ళ దగ్గర ఇవాళ మిగిలినవి పదుల్లోనే.

ఇక ఆఫ్రికా చీతానే తెద్దామంటే 2013లో సుప్రీంకోర్టు వద్దంది. అది ఈ దేశపు జాతి కాదు, పరాయిది అని. అబ్దుల్లా, హిబా హైదరాబాద్‌కు వచ్చింది కూడా ఆ ఏడాదే. బోనులో ఉండటానికి పరాయితనం అడ్డు కాదు, అడవిలో ఉండటానికే అడ్డు. 2020లో అదే న్యాయస్థానం ప్రయోగంగా తెచ్చుకోవచ్చని ఇజాజత్ ఇచ్చింది. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు మధ్యప్రదేశ్‌లోని కునోకు వచ్చాయి. వాటికి కొత్త పేర్లు కూడా పెట్టారు. ఓబాన్ పవన్ అయ్యింది, ఫ్రెడ్డీ శౌర్య అయ్యింది, ఎల్టన్ గౌరవ్ అయ్యింది.

ఆఫ్రికా చీతా, ఆసియా చీతా ఒకటేనా అంటే పూర్తిగా ఒకటి కాదు. ఒకే జాతిలో వేర్వేరు ఉపజాతులు. కాబట్టి 2013 నాటి అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ పేరు మారిస్తేనో, కోర్టు ఒప్పుకుంటేనో ఎవరూ ముల్కీ కారు. బతకడానికి బయలు, తినడానికి జింక, కాల్చని మనిషి ఉంటేనే అవుతారు. మన ఆసియా చీతా పుట్టుకతోనే ముల్కీ. మరి ఆ మూడూ లేకనే గదా అది పోయింది!

ఎవరి ముల్క్

జూపార్కులో ఇంకో పరదేశీ ఉండేది. గాలాపగోస్ దీవుల పెద్ద తాబేలు. 1963లో జూ తెరిచినప్పుడు బాగ్-ఎ-ఆమ్ నుంచి, అంటే ఇప్పటి పబ్లిక్ గార్డెన్స్ నుంచి, దాన్ని ఇక్కడికి మార్చారు. 2024 మార్చిలో చనిపోయేనాటికి దాని వయసు 125 ఏళ్ళని జూవాళ్ళు చెప్పారు. దాని పుట్టిల్లు పసిఫిక్ సముద్రం నడుమ ఉంది. అయినా 60 ఏళ్ళకు పైగా హైదరాబాద్ నీళ్ళు తాగింది. 15 ఏళ్ళ షరతును నాలుగు సార్లు పూర్తి చేసింది. దాన్ని ముల్కీ కాదనడానికి మనసొప్పుతుందా?

వనస్థలిపురం పక్కన మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాంల షికార్‌గాహ్. ఇప్పుడది కృష్ణజింకల అభయారణ్యం. జాతీయ రహదారి పక్కనే, నగరం చుట్టుముట్టిన ఆ కాస్త జాగాలో కృష్ణజింకలు ఇప్పటికీ గంటకు 80 కిలోమీటర్ల దాకా వేగం అందుకోగలవు. వాటికంత వేగం ఎందుకు? చీతా నుంచి తప్పించుకోవడానికి వేల తరాలుగా సంపాదించుకున్న వేగమది అంటారు జీవశాస్త్రజ్ఞులు. మనం మర్చిపోయినా జింక కాళ్ళు మర్చిపోలేదు.

జూపార్కుకు రేపు ఏ దేశం నుంచో మళ్ళీ చీతాలు రావచ్చు. అప్పుడు బోర్డు మీద జన్మస్థానం ఆఫ్రికా అని రాస్తారు. రాయాల్సిందే, అది నిజం. దాని కింద ఇంకో వాక్యం కూడా రాయాలని జూ అధికారులకు నా గుజారిష్. ఈ జంతువు బంధువులు 1952 దాకా ఈ దేశంలోనే ఉండేవని, వాటిలో ఒకటి చిత్తూరు జిల్లాలో కనిపించిందని. ఈద్ మర్నాడు వచ్చిన పిల్లాడు 'యే కహాఁ కా హై' అని అడిగితే తండ్రి ఆ రెండు వాక్యాలూ చదివి వినిపించాలి.